పన్నెండేళ్ళ వెనక టైర్లు: గుబ్బలు బాగున్నాయి, పక్కలు పగిలాయి. వాడవచ్చా, మార్చాలా?

మెట్టసేద్యం (ప్రకాశం జిల్లా)

అందరికీ నమస్కారం. మా పెదనాన్నగారు వాడిన 45 హార్స్‌పవర్ ట్రాక్టరు ఇప్పుడు నా చేతికి వచ్చింది. వెనక 13.6-28, ముందు 6.00-16 కొలత టైర్లు. ఆయన ఆరోగ్యం దెబ్బతిన్న దగ్గర నుంచి బండి పనికి పోయింది తక్కువ, రేకుల షెడ్డులో నిలబడి ఉన్నది ఎక్కువ. ఆ షెడ్డుకు పడమటి గోడ లేదు. అందువల్ల ఏళ్ళ తరబడి మధ్యాహ్నపు ఎండ ఒక పక్క చక్రాల మీదే పడుతూ వచ్చింది.

వెనక టైర్ల గుబ్బలు (మట్టిని పట్టుకునే ఎత్తైన రబ్బరు కట్లు) ముప్పాతిక వంతుకు పైగా మిగిలి ఉన్నాయి. టైరు పక్కన కోలగా ఉన్న చిన్న గడిలో 2313 అని అచ్చు ఉంది. ఎండ తగిలిన టైరుకు పక్క భాగమంతా సన్నని పగుళ్ళు వచ్చాయి. గుబ్బల మొదళ్ళ దగ్గర అవి గోరు అంచు దిగేంత లోతుగా ఉన్నాయి. నీడలో ఉన్న రెండో టైరు మాత్రం నున్నగానే ఉంది. ముందు టైర్ల గీతలు సగం అరిగాయి.

ఊళ్ళో పెద్దలు గుబ్బ ఉన్నంత కాలం టైరుకు ఢోకా లేదంటున్నారు. ఒంగోలులో ఒక దుకాణంలో అడిగితే ఐదేళ్ళు దాటిన టైరును నమ్మవద్దని చెప్పారు. నాకున్న పని కల్టివేటరు, రొటావేటరు, సీజనులో ట్రక్కు (ట్రాక్టరు వెనక తగిలించే తొట్టి) మీద పొగాకు, కందులు తోలడం. వెనక జత కొత్తది వేయాలంటే పదుల వేల రూపాయల ఖర్చు కాబట్టి, వయసును బట్టి నిర్ణయించుకోవాలా, పగుళ్ళను బట్టా, లేక చేసే పనిని బట్టా అన్నది తెలిసినవారు వివరంగా చెప్పగలరని కోరుతున్నాను.

చక్రాలవీధి (గుంటూరు)

మెట్టసేద్యం గారూ, టైర్ల దుకాణం మా కుటుంబ వ్యాపారం. ముందుగా ఆ సంఖ్య సంగతి. నాలుగంకెల్లో మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. 2313 అంటే 2013లో 23వ వారం, అంటే జూన్ నెలలో తయారైన టైరు. 2000 సంవత్సరానికి ముందు ఈ గుర్తు మూడంకెల్లోనే ఉండేది, కనుక ఎక్కడైనా మూడంకెలు కనబడితే ఆ టైరుకు పాతికేళ్ళు దాటినట్టే లెక్క. వ్యవసాయ టైర్లలో కొన్ని కంపెనీలవారు తమ సొంత గుర్తులు వేస్తారు. అప్పుడు డీలరును అడిగి తెలుసుకోవాలి. ఈ గుర్తు చాలాసార్లు టైరుకు ఒక పక్కనే ఉంటుంది కాబట్టి, బయట కనబడకపోతే బండి కిందికి వంగి లోపలి పక్క కూడా చూడాలి.

ఇక అసలు విషయం. ట్రాక్టరు టైరులో బరువు మోసేది గుబ్బ కాదు. లోపల ఒకదాని మీద ఒకటి అడ్డంగా అల్లిన నైలాను దారాల పొరలు మోస్తాయి. గుబ్బ మట్టిని పట్టుకోవడానికి, పైరబ్బరు ఆ దారాలకు తడి, గాలి తగలకుండా కాపాడడానికి ఉన్నాయి. అందుకే మా దుకాణానికి పాత టైరు వచ్చినప్పుడు గుబ్బను చివర చూస్తాము. ముందు టైరును రిమ్ము నుంచి విప్పి, ట్యూబు తీసి, లోపలి గోడను తడిగుడ్డతో తుడిచి, లైటు పెట్టి చుట్టూ చూస్తాము. ఎప్పుడో రాయి మీదో, కాలువ గట్టు అంచు మీదో గట్టిగా పడిన టైరుకు లోపల దారాలు తెగి, గుణకారం గుర్తులాగా అడ్డదిడ్డంగా విచ్చుకుని కనబడతాయి. బయట దానికి ఆనవాలే ఉండదు. అటువంటి టైరుకు గుబ్బలు నూటికి తొంభై ఉన్నా ట్రక్కు బరువు మీద పెట్టకూడదు.

బయటి పగుళ్ళ విషయంలో నేను పాటించే పద్ధతి ఇది. టైరులో గాలి కాస్త తగ్గించి పగులు ఉన్న చోట రెండు బొటనవేళ్ళతో విప్పి చూడండి. అడుగున నల్లని రబ్బరే కనబడితే అది పైపొరలో ఉన్న పగులు. అడుగున దారపు పోగులు గానీ, తెల్లని లేదా గోధుమ రంగు గీత గానీ కనబడితే అక్కడికి తడి చేరినట్టే. ఆ టైరును రోడ్డు మీదకు పంపకండి.

రబ్బరుపరిశోధన (హైదరాబాదు)

చక్రాలవీధి గారు చెప్పిన దానికి కారణాలు జోడిస్తాను. వాడని టైరు ఎందుకు పగిలింది, నిత్యం తిరిగే టైరు ఎందుకు పగలదు అన్నది చాలామందికి అర్థం కాని విషయం.

సహజ రబ్బరు పొడవైన గొలుసులుగా ఉంటుంది. ఆ గొలుసుల్లో అడుగడుగునా ద్విబంధాలు ఉంటాయి. గాలిలో అతి స్వల్పంగా ఉండే ఓజోను వాయువు సరిగ్గా ఆ బంధాల మీదే దాడి చేసి గొలుసును తెంచుతుంది. రబ్బరు సాగదీసి ఉన్న చోట తెగిన కొసలు దూరంగా జరుగుతాయి కాబట్టి పగులు తెరుచుకుంటుంది. సాగని చోట ఓజోను తగిలినా పగులు కనబడదు. టైరు పక్కభాగం, గుబ్బ మొదలు ఎప్పుడూ సాగి ఉండే చోట్లు. మీ టైరుకు అక్కడే లోతైన పగుళ్ళు రావడానికి కారణం అదే.

దీనిని తట్టుకోవడానికి తయారీలోనే రబ్బరులో మైనాన్ని, ఓజోనును అడ్డుకునే రసాయనాలను కలుపుతారు. అవి మెల్లగా లోపలి నుంచి పైకి ఊరి వచ్చి ఉపరితలం మీద పల్చని పొరగా ఏర్పడతాయి. పాత టైర్ల మీద కనబడే గోధుమ రంగు మరక ఆ రసాయనం వల్ల వచ్చినదే. దానిని మురికి అనుకుని పెట్రోలుతోనో డీజిలుతోనో తుడిస్తే రక్షణ పొరను మనమే తీసేసినట్టు అవుతుంది. టైరు తిరుగుతున్నప్పుడు పక్కలు వంగుతూ లేస్తూ ఉండడం వల్ల ఈ రసాయనాలు పైకి చేరుతూ ఉంటాయి. నిలబడిపోయిన టైరులో ఆ ఊట మందగిస్తుంది, మైనపు పొర ఒకసారి చిట్లితే మళ్ళీ అతుక్కోదు. అందుకే నెలల తరబడి కదలని బండి టైరు, రోజూ పొలం వెళ్ళే బండి టైరు కంటే ముందుగా పగుళ్ళు తీస్తుంది.

రెండోది వేడి. గాలిలోని ఆక్సిజన్ రబ్బరులోకి ఇంకి దానిని క్రమంగా గట్టిపరుస్తుంది. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే ఇటువంటి రసాయన చర్య వేగం దాదాపు రెట్టింపవుతుందని స్థూలంగా లెక్కవేస్తారు. ఎండలో ఉన్న నల్లటి టైరు ఉపరితలం చుట్టూ ఉన్న గాలి కంటే చాలా ఎక్కువ వేడెక్కుతుంది. మీ షెడ్డులో రెండు టైర్లకూ పుట్టిన తేదీ ఒకటే అయినా, ఎండ పడిన దాని రబ్బరు నీడలోని దాని కంటే చాలా ఎక్కువ ముదిరిపోయింది. కనుక తయారీ తేదీ ఒక్కటే చూసి తీర్పు చెప్పడం నాకు సమ్మతం కాదు.

ఒక ముఖ్యమైన జాగ్రత్త కూడా చెబుతాను. విద్యుత్ మోటార్లు, వెల్డింగు యంత్రాలు పనిచేసేటప్పుడు ఓజోను పుడుతుంది. బోరు స్టార్టరు గదిలో స్పేరు టైర్లు పేర్చడం మన పల్లెల్లో అలవాటు. దయచేసి వాటిని అక్కడి నుంచి తీసి చీకటిగా, చల్లగా ఉన్న చోట నిలువుగా పెట్టండి.

డెల్టాదమ్ము (పశ్చిమ గోదావరి)

మా ప్రాంతంలో టైరు వయసును ఎండ కంటే నీరే ఎక్కువగా తేలుస్తుంది. దమ్ము సీజనులో బండి రోజంతా బురదలోనే ఉంటుంది. పైగా పట్టు కోసం వెనక టైర్లలో నీళ్ళు నింపుతాము. వాల్వు పైకి వచ్చేలా చక్రాన్ని నిలిపి వాల్వు మట్టం వరకు నింపితే టైరు సుమారు ముప్పాతిక వంతు నిండుతుంది, 13.6-28 టైరు అయితే ఒక్కొక్క దానికి 150 కిలోల పైన బరువు చేరుతుంది. మిగిలిన భాగంలో గాలి ఉండాలి. పూర్తిగా నింపేస్తే టైరుకు అణిగే గుణం పోయి, గతుకు తగిలినప్పుడు ఆ దెబ్బంతా దారాల మీదకు పోతుంది.

నీళ్ళున్న ట్యూబు వాల్వు దగ్గర కొద్దిగా కారినా రిమ్ము లోపల తుప్పు పడుతుంది. ఎరువు కలిసిన పొలం నీరు చేరితే ఇంకా వేగంగా తింటుంది. ఆ తుప్పు పెచ్చులు ట్యూబును కోస్తాయి, రిమ్ము అంచు గరుకై టైరు అంచులోని తీగను ఒరుస్తుంది. టైరు పాతబడిందని కొత్తది తెచ్చి అదే తుప్పు రిమ్ముకు ఎక్కించినవారి కొత్త టైరు కూడా త్వరగా పాడవడం మా ఊళ్ళో చూశాను. విప్పినప్పుడే రిమ్మును తీగబ్రష్షుతో గీకించి రంగు వేయించండి.

ఇనుప దమ్ము చక్రాలు కట్టే బండ్లకు టైరు గుబ్బ అరిగినా బురదలో పెద్దగా తేడా తెలియదు, పట్టు ఇనుముదే. అందుకని మా వైపు పాత టైర్లను దమ్ముకు వాడుకుంటూ, రోడ్డు మీద ధాన్యం తోలే బండికి మాత్రం మంచి టైర్లు ఉంచుకుంటాము.

నల్లరేగడి (ఆదిలాబాద్ జిల్లా)

నాది కొంత భిన్నమైన అభిప్రాయం. పత్తి తీసేసిన చేలో కట్టె మోళ్ళు ఈటెల్లా నిలబడి ఉంటాయి. కొత్త టైరు రబ్బరు మెత్తగా ఉంటుంది కనుక మోడు గుచ్చుకుంటే నేరుగా దిగుతుంది. నాలుగైదేళ్ళు తిరిగి గట్టిపడిన టైరు మోడును తోసుకుంటూ పోతుంది. మా తండ్రిగారు కొత్త టైర్లను మొదటి ఏడాది పత్తి చేలో దింపేవారు కాదు, మరో పొలంలో తిప్పేవారు. పన్నెండేళ్ళని భయపడి మంచి గుబ్బ ఉన్న టైర్లు తీసిపారేయడం రైతుకు నష్టం. కంపెనీలు, దుకాణాలు ఐదేళ్ళని చెబుతున్నాయంటే వారి వ్యాపారం వారిది.

చక్రాలవీధి (గుంటూరు)

నల్లరేగడి అన్నగారూ, మోళ్ళ విషయంలో మీ అనుభవాన్ని కాదనను. అయితే టైరు మోడును ఆపే శక్తి రబ్బరు గట్టిదనంలో కంటే దారాల పొరల బలంలో ఎక్కువ ఉంటుంది. టైరు పక్కన ప్లై రేటింగు అని 8, 12 వంటి సంఖ్య ఉంటుంది. అది లోపలి పొరల అసలు లెక్క కాదు, బలానికి కొలమానం. పత్తి చేలు ఉన్నవారు ఆ సంఖ్య ఎక్కువ ఉన్న టైరు తీసుకుంటే కొత్తదైనా తట్టుకుంటుంది. గట్టిబడిన రబ్బరు మోడుకు లొంగకపోవచ్చు గానీ, రాయి తగిలితే వంగలేక చిట్లుతుంది.

దుకాణాలవారు ఐదేళ్ళని ఎందుకంటారో కూడా చెప్పాలి. కార్ల విషయంలో ఐదేళ్ళు దాటాక ఏటా పరీక్ష చేయించమని, పదేళ్ళు దాటాక ఎలా ఉన్నా మార్చమని పలు కంపెనీలు చెబుతాయి. బ్రిటన్‌లో 2021 ఫిబ్రవరి 1 నుంచి లారీలు, బస్సుల ముందు చక్రాలకు పదేళ్ళు దాటిన టైర్లు వాడడాన్ని నిషేధించారు. అవన్నీ వేగంగా పరుగెత్తే వాహనాల లెక్కలు. గంటకు ఐదారు కిలోమీటర్ల వేగంతో చేలో నడిచే టైరుకు వాటిని ఉన్నవున్నట్టు అంటగట్టడం సరికాదు. అదే ట్రాక్టరు నిండు ట్రక్కుతో రోడ్డెక్కితే మాత్రం ఆ జాగ్రత్త మనకూ వర్తిస్తుంది.

ట్రక్కుతోలకం (నల్గొండ జిల్లా)

రోడ్డు మాట వచ్చింది కాబట్టి రాస్తున్నాను. ఇరవై ఏళ్ళుగా ట్రక్కు తోలుతున్నాను. పొలంలో టైరు పోతే పని ఆగుతుంది. రోడ్డు మీద టైరు పోతే ప్రాణాలు పోతాయి. మిత్రులు వెనక టైర్ల గురించే మాట్లాడుతున్నారు గానీ, నేను ముందు టైర్ల గురించి ఎక్కువ ఆందోళన పడతాను. చెరువు కట్ట దిగేటప్పుడు ముందు టైరు పేలితే స్టీరింగు ఒక్కసారిగా ఆ పక్కకు లాగేస్తుంది; వెనక నిండు ట్రక్కు నెడుతూ ఉంటుంది కాబట్టి బండిని నిలపడం చాలా కష్టం. ముందు టైరు వెనక దాని కంటే చౌక. వయసు మీద ఏమాత్రం అనుమానం ఉన్నా ముందు జత మార్చడంలో వెనుకాడకండి.

ట్రక్కు చక్రాలను మరిచిపోకూడదు. మన ట్రక్కులకు, టైరు బండ్లకు చాలావరకు లారీల నుంచి దిగిన పాత టైర్లే వేస్తారు. లారీ కింద ఎన్ని లక్షల కిలోమీటర్లు తిరిగిందో తెలియని టైరు, దాని మీద మళ్ళీ రీబటన్ చేసిన (అరిగిన చోట కొత్త రబ్బరు అతికించిన) పొర, ఆ పైన మన ఇసుకో, వడ్లో, లేదా పత్తి తీతకు వెళ్ళే కూలీలో. కూలీలను ట్రక్కులో ఎక్కించడం చట్టరీత్యా తప్పు అయినా జరుగుతూనే ఉంది. కనీసం ఆ టైర్ల తేదీ చూసి, లోపలి గోడ చూసి వేయించండి. రీబటన్ చేసిన టైరు మీద తయారీ తేదీ గడి చెరిగిపోయి ఉంటే నేనైతే దానిని తీసుకోను.

పసుపుచేను (నిజామాబాద్ జిల్లా)

నేనూ, మా వారూ పాత ట్రాక్టరు కొనాలని సంతల్లో తిరుగుతున్నాము. చూసిన ప్రతి బండికీ టైర్లు నల్లగా నిగనిగలాడుతున్నాయి. మెట్టసేద్యం గారికి బండి ఇంట్లోదే కనుక దాని చరిత్ర తెలుసు. చరిత్ర తెలియని బండి దగ్గర నిలబడి, టైరు విప్పే అవకాశం లేనప్పుడు ఏమి చూడాలి? గుబ్బ అరిగిన టైరుతో పని ఎంత నష్టపోతామో కొలిచే మార్గం ఏదైనా ఉందా?

రబ్బరుపరిశోధన (హైదరాబాదు)

అమ్మా, ఆ నిగనిగ పైపూత. నూనె కలిసిన పూతలు రబ్బరును ఉబ్బించి పగుళ్ళను కొంతకాలం మూసి చూపిస్తాయి. తడిగుడ్డతో గట్టిగా రుద్ది, ఆరాక వాల్వు చుట్టూ, రిమ్ము అంచును టైరు కలిసే చోట, గుబ్బల మొదళ్ళలో చూడండి. పూత వేసేవారి చెయ్యి సాధారణంగా అక్కడిదాకా పోదు. తరువాత రెండు వెనక టైర్ల మీదా అరచేయి ఆనించి పక్కభాగం చుట్టూ నిమరండి. ఎక్కడైనా బొప్పి తగిలితే లోపల పొరలు విడిపోయినట్టు. గుబ్బల మధ్య గాడి అడుగు రబ్బరు కొత్తగా కోసినట్టు పదునుగా ఉంటే, అరిగిన గుబ్బను ఎక్కువగా చూపించడానికి గాడిని లోతుగా చెక్కారని అర్థం. అటువంటి టైరులో దారాల మీద మిగిలిన రబ్బరు చాలా పల్చగా ఉంటుంది.

నష్టాన్ని కొలవడం సులభం. వెనక టైరు మీద సుద్దతో గీత గీసి, పనిముట్టును పైకి ఎత్తి, చక్రం పది చుట్లు తిరిగితే బండి ఎంత దూరం పోయిందో కొలవండి. 13.6-28 టైరుకు అది దాదాపు 40 మీటర్లు ఉంటుంది. తరువాత కల్టివేటరు మామూలు లోతుకు దింపి, అదే పొలంలో మళ్ళీ పది చుట్లు. ఈసారి 35 మీటర్లే పోయిందనుకోండి, ఐదు మీటర్లు చక్రం ఊరికే తిరిగింది. అంటే నూటికి పన్నెండున్నర వంతు జారుడు. వెనక రెండు చక్రాలే లాగే బండికి గట్టి నేల మీద పది నుంచి పదిహేను శాతం సహజమే. ఇరవై దాటితే డీజిలు, గుబ్బ రెండూ వృథా అవుతున్నాయి.

రొటావేటరుకు మాత్రం ఈ లెక్క పనిచేయదు. దాని కత్తులే నేలను వెనక్కి తన్నుతూ బండిని ముందుకు నెడతాయి కాబట్టి, గుబ్బ అరిగిన టైరు కూడా రొటావేటరుకు సరిపోతుంది. రెక్క నాగలికి, కల్టివేటరుకు పట్టు కావాలి.

మొక్కజొన్ననాడు (అయోవా, అమెరికా)

మాది కృష్ణా జిల్లా. ఉద్యోగరీత్యా ఇక్కడ స్థిరపడ్డాను. పాత ట్రాక్టర్ల మీద ఉన్న ప్రేమ వల్ల ఇక్కడి రైతుల ప్రదర్శనలకు తరచుగా వెళుతుంటాను, కనుక టైరు ఎన్నాళ్ళు బతకగలదన్న ప్రశ్న నన్ను బాగా ఆకర్షించింది.

ట్రాక్టరుకు గాలి టైరు పుట్టినదే ఈ ప్రాంతాల్లో. అంతకు ముందు ఇనుప చక్రాలకు పళ్ళు బిగించి దున్నేవారు. రోడ్డు మీదికి వస్తే రోడ్డు పాడయ్యేది, తోలేవారి నడుము విరిగేది. 1932లో ఫైర్‌స్టోన్ కంపెనీ, ఆలిస్-చామర్స్ కంపెనీ కలిసి మోడల్ యు ట్రాక్టరుకు గాలి టైర్లు అమర్చాయి. రబ్బరు టైరు దుక్కిలో నిలవదని రైతులు నమ్మకపోవడంతో, మరుసటి సంవత్సరం పేరుమోసిన కార్ల పందెగాళ్ళ చేత ఆ ట్రాక్టర్లను జాతరల్లో పరుగెత్తించి చూపించారు. కొద్ది సంవత్సరాలకే గాలి టైరు మామూలు విషయమైపోయింది.

ఇక్కడి కొట్టాల్లో నలభై, యాభై ఏళ్ళ టైర్లతో నడిచే ట్రాక్టర్లు చాలా ఉన్నాయి. చెక్క గోడల కొట్టం లోపల చీకటి, ఏడాదిలో సగం చలి, ఏటా కొద్దిపాటి పని. పక్కలంతా నెర్రెలు విచ్చినా అవి ప్రదర్శన మైదానంలో నెమ్మదిగా నడుస్తాయి. వాటిని అవే టైర్ల మీద రోడ్డెక్కించి దూరం తోలే యజమానిని నేను చూడలేదు. ట్రెయిలరు మీద ఎక్కించి తీసుకొస్తారు. యాభై ఏళ్ళ టైరు పనిచేస్తోందని వినిపించే కథల వెనక ఈ సంగతి ఉంటుంది.

డెల్టాదమ్ము గారి మాటకు ఇక్కడ బలమైన సాక్ష్యం ఉంది. చలికి నీరు గడ్డకట్టకుండా పూర్వం టైర్లలో కాల్షియం క్లోరైడ్ ద్రావణం నింపేవారు. అది నీటి కంటే బరువు కూడా ఎక్కువ. టైర్లు నిలిచాయి గానీ వాల్వు దగ్గర కారిన ఉప్పునీరు రిమ్ములను జల్లెడ చేసింది. ఇప్పుడు పాత ట్రాక్టరు బాగుచేసేవారికి టైరు కంటే రిమ్ము దొరకడమే కష్టంగా ఉంది. మన దగ్గర మంచు భయం లేదు కాబట్టి మంచినీరే చాలు.

పాత బండ్ల యజమానులకు పనికివచ్చే మరొక వివరం: 1950ల నాటి టైర్ల మీద 11-28 అని ఉంటే దానికి సరిపోయే నేటి కొలత 12.4-28. పాత అంకె చూసి టైరు దొరకదని బెంగపడవద్దు.

మెట్టసేద్యం (ప్రకాశం జిల్లా)

అందరికీ ధన్యవాదాలు. చక్రాలవీధి గారు చెప్పినట్టు రెండు వెనక టైర్లూ విప్పించి చూశాను. ఎండ తగిలిన టైరు పగుళ్ళు విప్పి చూస్తే అడుగున నల్లని రబ్బరే ఉంది, లోపలి గోడ శుభ్రంగా ఉంది. నున్నగా, కొత్తదానిలా కనిపించిన నీడవైపు టైరులోనే లోపం బయటపడింది. లోపల జానెడు పొడవున దారాలు తెగి అడ్డంగా విచ్చుకుని ఉన్నాయి. వేలితో తాకితే పోగులు పొడిపొడిగా లేచాయి. ఆ చోట ట్యూబు కూడా నలిగి, పల్చబడి ఉంది. బయటి నుంచి ఎంత వెతికినా గీత కూడా కనబడలేదు. పంక్చరు వేసే ఆయన లోపల గేటరు (టైరు లోపలి గోడకు వేసే మందపాటి అతుకు) అతికించి వాడుకోమంటున్నారు. అది సరైన పనేనా? ఒక్క టైరే మార్చవచ్చా?

చక్రాలవీధి (గుంటూరు)

విప్పించి మంచిపని చేశారు. గేటరు రంధ్రాన్ని మూస్తుంది, ట్యూబు బయటికి పొడుచుకు రాకుండా ఆపుతుంది. తెగిన దారాలకు బలం మాత్రం ఇవ్వదు. మేకు దిగిన చిన్న రంధ్రానికైతే గేటరు చక్కగా పనిచేస్తుంది. జానెడు పొడవున పొరలు తెగితే అది పొలం పనికి తాత్కాలిక ఏర్పాటే, ట్రక్కుకు పనికిరాదు.

ఒక్కటి మార్చడం గురించి: మీది రెండు చక్రాలు లాగే బండి అయితే కొత్త టైరు, పాత టైరు ఎత్తులో తేడా వల్ల డిఫరెన్షియల్ (రెండు పక్కల చక్రాలూ వేర్వేరు వేగంతో తిరగనిచ్చే గేర్లు) ఎప్పుడూ కొద్దిగా తిరుగుతూనే ఉంటుంది, దున్నేటప్పుడు బండి ఒక పక్కకు లాగుతుంది. గుబ్బ ముప్పాతిక మిగిలిన టైరు పక్కన కొత్తది వేస్తే ఆ తేడా భరించదగినదే. నా సలహా, కొత్త జత వేసి, బాగున్న పాత టైరును స్పేరుగా పెట్టుకోండి. అంత ఖర్చు ఇప్పుడు వద్దనుకుంటే, అదే కొలతలో దాదాపు అంతే గుబ్బ ఉన్న, లోపలి గోడ చూసిన పాత టైరు ఒకటి తీసుకుని పొలం పని వరకు నడిపించండి. ట్రక్కు తోలే రోజు వచ్చేసరికి జత మారాలి.

నాలుగు చక్రాలూ లాగే బండ్లవారు మాత్రం ఇంత తేలిగ్గా తీసుకోకూడదు. వాటిలో ముందు చక్రాలు వెనక వాటి కంటే సాధారణంగా ఒకటి నుంచి ఐదు శాతం ముందుగా నడిచేలా గేర్లు అమర్చి ఉంటాయి. వెనక కొత్తవి, ముందు అరిగినవి వేస్తే ఆ లెక్క తప్పి గేర్ల మీద భారం పడుతుంది.

ఎక్కించేటప్పుడు టైరు అంచు రిమ్ములో కూర్చోలేదని గాలి పెంచుకుంటూ పోవద్దు. 35 పౌండ్లు దాటినా కూర్చోకపోతే గాలి తీసేసి, అంచుకు సబ్బునీళ్ళు రాసి, మళ్ళీ మొదటి నుంచి చేయాలి. టైరు ఉండగా రిమ్ముకు వెల్డింగు ఎప్పుడూ చేయించకండి. వేడికి లోపలి రబ్బరు నుంచి వెలువడే వాయువులు అంటుకుని టైరు పేలిపోతుంది. గాలి తీసేసినా ఆ ప్రమాదం తప్పదు.

డెల్టాదమ్ము (పశ్చిమ గోదావరి)

కొత్తవి వేశాక అవి కూడా ఇలా కాకుండా చూసుకోండి. సీజను అయిపోగానే మట్టి కడిగి, ఇరుసుల కింద దిమ్మలు పెట్టి టైర్ల మీద బరువు లేకుండా చేయండి. అది కుదరకపోతే గాలి సరిగా ఉంచి, అప్పుడప్పుడూ బండిని కొంచెం ముందుకు కదపండి. ఒకేచోట నిలబడితే నైలాను టైరుకు అడుగున చదునుపడుతుంది. గాలి తక్కువగా ఉండి బరువు మీద నిలబడిన టైరు మడతలోనే ముందుగా పగులుతుంది. ఆ పడమటి వైపు తాటాకు తడికైనా కట్టించండి.

పసుపుచేను (నిజామాబాద్ జిల్లా)

తీసేసిన టైరును ఏం చేయాలన్నది కూడా ఎవరైనా చెబితే బాగుంటుంది. మా ఊరిలో చలికాలం వాటిని కాల్చేస్తున్నారు, ఆ పొగకు పిల్లలు దగ్గుతున్నారు.

రబ్బరుపరిశోధన (హైదరాబాదు)

కాల్చవద్దని గట్టిగా చెప్పండి. ఆ పొగలో గంధకపు వాయువులతో పాటు క్యాన్సరు కలిగించే పదార్థాలు ఉంటాయి, మిగిలే నూనె నేలలోకి ఇంకుతుంది. వాడేసిన టైర్లను తిరిగి వినియోగంలోకి తెచ్చే బాధ్యతను తయారీదారులు, దిగుమతిదారుల మీద పెడుతూ కేంద్ర ప్రభుత్వం 2022 జులైలో నిబంధనలు తెచ్చింది. కనుక కొత్త టైర్లు కొనేటప్పుడే పాతవి దుకాణంలో ఇచ్చేయండి. ఎంతో కొంత ధర కూడా కడతారు. పశువుల కొట్టం దగ్గర గానీ, మొక్క చుట్టూ గానీ వాడుకోవాలనుకుంటే, వాననీరు నిలిచి డెంగీ దోమలు గుడ్లు పెట్టకుండా అడుగు వైపు మూడు నాలుగు చోట్ల పెద్ద రంధ్రాలు వేయించండి.